మంట తాళం అందుకున్నప్పుడు

(అమలాపురంలో ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగానికి పాఠం)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక విన్నపం. వేదిక మీద ఉన్న ఫ్యాను కాసేపు ఆపగలరా? ఉక్కపోత సంగతి నాకూ తెలుసు, నేనూ ఇక్కడి మనిషినే. కానీ ఈ బల్ల మీదున్న ఇనుప గొట్టానికి పక్కగాలి తగిలితే అలుగుతుంది. అలిగితే మోగదు. మోగకపోతే నా గంట ప్రసంగం వట్టి కబుర్లే అవుతుంది.

ఈ గొట్టం మీటరు పొడవు, రెండంగుళాల వెడల్పు. నిన్న సాయంత్రం ఇక్కడి పైపుల కొట్లోనే కొన్నాను. లోపల కింది నుంచి పావు మీటరు ఎత్తులో స్టీలు జల్లెడ ముక్క ఇరికించాను. అంతే, ఇంకేమీ లేదు. దీన్ని నిటారుగా పట్టుకుని, కింది నుంచి గ్యాసు మంటతో ఆ జల్లెడను ఎర్రగా కాలుస్తాను. మంట ఉన్నంతసేపు ఏమీ వినపడదు. ఇప్పుడు మంట తీసేస్తున్నాను, వినండి.

(గొట్టం మోగలేదు. సభలో నవ్వులు.)

చెప్పాను కదా, అలుగుతుందని. జల్లెడ ఇంకొంచెం కాలాలి. కాలనిద్దాం, ఈలోగా మా ఊరి సంగతి చెబుతాను.

మాది మండపేట. మా నాన్నగారు ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవారు. ధాన్యం ఉడకడానికి ఆవిరి కావాలి, ఆవిరికి మంట, మంటకు ఊక. ఆ ఊక ధాన్యానిదే. పైపొట్టు ఇచ్చి లోపలి గింజను ఉడికించుకునే ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గాని, నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. ఊక కొలిమి పెద్దగా హోరెత్తుతుంది. ఇరవై ఏళ్లు ఆ హోరులో, మర చప్పుడులో ఉండి ఉండి మా నాన్నగారి చెవులు బాగా మందగించాయి. భోజనానికి పిలవాలంటే భుజం తట్టి పిలిచేవాళ్లం.

మరి అలాంటి మనిషి కొలిమిని ఎలా కనిపెట్టుకునేవారు? షెడ్డును మోస్తున్న ఇనుప స్తంభం ఒకటి బాయిలరుకు దగ్గరగా ఉండేది. గంటకోసారి వచ్చి దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడేవారు. ఒక్కోసారి చెయ్యి తీసి నేరుగా వెళ్లి డాంపరు, అంటే గాలి దారికి ఉన్న తలుపు, కొంచెం మూసేవారు, లేదా ఊక పోసే కుర్రాణ్ణి ఆపమనేవారు. ఎందుకని నేను అడిగితే, "హోరుకి భయం లేదమ్మా. తాళం అందుకుంటేనే భయం" అన్నారు.

నాకప్పుడు పదేళ్లుంటాయి, ఏమీ అర్థం కాలేదు. ఆ తరువాత నేను చదివినదంతా, రాసినదంతా ఆ మాటకు టీకా తాత్పర్యమే.

ఇప్పుడు జల్లెడ కాలినట్టుంది. మళ్లీ మంట తీస్తున్నాను.

(గొట్టం మోగింది. కొన్ని సెకన్ల పాటు చప్పట్లు.)

చప్పట్లు నాకు వద్దు గాని, ఒక విషయం గమనించండి. చప్పుడు ఇచ్చే వస్తువేదీ ఇందులో లేదు. తీగ లేదు, తోలు లేదు, ఊదే నోరు లేదు. వేడి జల్లెడ, పైకి వెళ్లే గాలి ఉన్నాయి, అంతే. రెండు వైపులా తెరిచి ఉన్న మీటరు గొట్టానికి సహజమైన శ్రుతి సెకనుకు సుమారు 170 కంపనాలు. లోపల గాలి వెచ్చబడింది కాబట్టి ఇంకాస్త పైన పలుకుతుంది. ఇప్పుడు దీన్ని అడ్డంగా పడుకోబెడుతున్నాను.

(మోత ఆగిపోయింది. నిలబెట్టగానే మళ్లీ మోగింది.)

అడ్డంగా ఉంటే గాలి పైకి లేవదు. గాలి కదలకపోతే పాటా లేదు. నిలబెట్టగానే మిగిలిన పాట మళ్లీ అందుకుంది. లైడెన్ ఆచార్యుడు రైకే 1859లో దీన్ని ప్రకటించాడు. అందుకే దీని పేరు రైకే గొట్టం.

దీనికంటే ముందు, 1858లో, అమెరికాలో జాన్ లికాంట్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక ముచ్చట రాశాడు. ఎవరింట్లోనో టీ తరువాత సంగీతం వాయిస్తున్నారు, గోడకు గ్యాసు దీపాలు వెలుగుతున్నాయి. సెల్లో అనే తీగవాద్యపు గమకాలకు అనుగుణంగా ఒక దీపపు మంట ఎగిరెగిరి పడటం ఆయన కళ్లబడింది. చెవిటివాడు కూడా ఆ సంగీతాన్ని కళ్లతో చూడగలిగేవాడని రాశాడు. ఆ వాక్యం మొదటిసారి చదివిన రోజు నేను గ్రంథాలయంలో పుస్తకం మూసి కొంతసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు.

శబ్దానికి మంట స్పందిస్తుందని లికాంట్ చూశాడు. వేడి శబ్దాన్ని పుట్టిస్తుందని రైకే చూపించాడు. ఈ రెండూ ఒకదాని తోక ఒకటి పట్టుకుంటే ఏమవుతుందన్నదే నా వృత్తి.

కారణం చెప్పినవాడు ఇంగ్లండు భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ. ధ్వని మీద ఆయన రాసిన మహాగ్రంథం 1872లో నైలు నది మీద, పడవలో మొదలైంది. జబ్బు చేసి గాలి మార్పు కోసం ఈజిప్టు వెళ్లాడు. గోదావరి మీద లాంచీలో పోతూ పేకాడుకునే మనకు ఇది కాస్త సిగ్గు కలిగించే విషయమే. ఆయన 1878లో చెప్పిన సూత్రం ఇది: గాలి బాగా నొక్కుకుపోయిన క్షణంలో వేడి అందితే కంపనం పెరుగుతుంది, గాలి పలచబడిన క్షణంలో అందితే కంపనం అణగిపోతుంది.

అట్లతద్దికి చెట్టుకి కట్టే ఉయ్యాల గుర్తు తెచ్చుకోండి. ఊపేవాడికి బలం ఉండక్కర్లేదు. వెనక్కి వచ్చి, ఆగి, ముందుకు కదలబోయే క్షణంలో వేలితో తోస్తే చాలు, పది ఊపుల్లో కొమ్మ అందుకుంటుంది. ఎదురొస్తున్నప్పుడు అదే వేలు అడ్డం పెడితే ఉయ్యాల ఆగుతుంది, ఊగుతున్న పిల్ల తిడుతుంది. ఎంత తోశామన్నదాని కంటే ఎప్పుడు తోశామన్నదే లెక్క.

జల్లెడ పావు వంతు దగ్గరే ఎందుకు ఉండాలి? గొట్టం మధ్యలో పీడనం ఎక్కువగా ఊగుతుంది, గాలి మాత్రం అక్కడ కదలదు. చివర్లలో గాలి కదులుతుంది, పీడనం ఊగదు. జల్లెడ గాలికి వేడి ఇవ్వాలంటే గాలి కదలాలి, ఆ వేడి పనికి రావాలంటే పీడనం ఊగాలి. పావు వంతు దగ్గర రెండూ కొంచెం కొంచెం ఉంటాయి. మరి పై నుంచి కొలిచినా పావు వంతు ఉంది కదా, అక్కడ పెడితే? మోగదు. అక్కడ ఇదే జల్లెడ ఎదురు తోపు తోస్తుంది.

ఇక నా చదువు సంగతి. నిర్వాహకులు నా "విద్యా ప్రస్థానం" గురించి చెప్పమన్నారు. ప్రస్థానం అనేది పెద్ద మాట. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం, కాకినాడలో మెకానికల్ డిప్లొమా, ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరిక. త్వరగా దాటేస్తున్నాను, ఎందుకంటే ఆ ఆరేళ్లలో ధ్వనిశాస్త్రం మాకు ఒక్క గంట కూడా చెప్పలేదు.

తొమ్మిదో తరగతిలో ఒకటి జరిగింది, అది చెప్పాలి. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావి అంటుకుంది. మీరెవరూ అప్పటికి పుట్టలేదు, మీ ఇళ్లలో పెద్దల్ని అడగండి. ఆ మంట 65 రోజులు మండింది. మా మేనత్త వాళ్లది మామిడికుదురు వైపు. ప్రతి సంక్రాంతికి మేమే వాళ్లింటికి వెళ్లేవాళ్లం, ఆ ఏడు వాళ్లే మూటలు సర్దుకుని మా ఇంటికి వచ్చేశారు. పండగ అయ్యాక ఒక రాత్రి మావయ్యగారు ఇల్లు చూసుకోవడానికి వెళ్తుంటే నాన్నగారు, నేను కూడా వెళ్లాం. దూరంగా ఆపేశారు. ఆకాశం సగం ఎర్రగా ఉంది, కొబ్బరాకుల నీడలు నేల మీద కదులుతున్నాయి. చప్పుడు చెవిలో కాదు, రొమ్ములో వినపడింది. నాన్నగారు పక్కనున్న కరెంటు స్తంభానికి చెయ్యి ఆనించారు, అలవాటు కొద్దీ. కొంతసేపు ఉండి, "ఉట్టి హోరే" అన్నారు.

అది నిజం. బయట, బట్టబయలులో మండే మంట ఎంత పెద్దదైనా హోరెత్తుతుంది. అందులో అన్ని శ్రుతులూ కలగాపులగంగా ఉంటాయి, ఏ ఒక్కటీ పైకి తేలదు. మంట పంపిన చప్పుడును తిరిగి మంట దగ్గరికి తెచ్చే గోడలు అక్కడ లేవు. అదే మంటను ఒక గదిలో మూయండి. గోడకు తగిలిన చప్పుడు వెనక్కి వచ్చి మంటను కదుపుతుంది, కదిలిన మంట మరింత చప్పుడు చేస్తుంది. గదికి ఇష్టమైన శ్రుతి ఒకటి ఉంటుంది, మిగతావన్నీ చచ్చిపోయి అదొక్కటే పెరుగుతుంది. మేము దహన అస్థిరత అని పిలిచేది దీన్నే. పేరులో అస్థిరత ఉంది గాని, వినడానికి మహా స్థిరంగా ఉంటుంది. అదే దాని ప్రమాదం.

బీటెక్ అయ్యాక మన డెల్టాలోనే ఒక గ్యాస్ విద్యుత్ కేంద్రంలో రెండేళ్లు పనిచేశాను. పేరెందుకు. గ్యాస్ టర్బైన్ దహన గదిలో మంట వేడి బాగా పెరిగితే, సుమారు 1500 డిగ్రీలు దాటాక, నైట్రోజన్ ఆక్సైడ్లు విపరీతంగా పుడతాయి. అందుకని ఇంధనాన్ని ముందే ఎక్కువ గాలితో కలిపి పలచగా మండిస్తారు. పొగ శుభ్రంగా వస్తుంది. అయితే పలచని మంట బక్కప్రాణి, చిన్న కదలికకే తూలిపోతుంది. అక్కడ దాన్ని "హమ్మింగ్" అనేవారు. హమ్మింగ్ ఎక్కువైతే లోడు తగ్గించడం, తగ్గాక మళ్లీ పెంచడం. ఒకసారి యంత్రం ఆపి లోపలికి కెమెరా గొట్టం పంపితే లోపలి పలక మీద జానెడు బీట కనిపించింది. ఎందుకు హమ్ చేస్తుందని పై అధికారిని అడిగాను. "లోడు తగ్గించడం వచ్చు కదా, కారణం నీకెందుకమ్మా" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ ప్రశ్నకు ఆయన జవాబు చెప్పి ఉంటే నేను గేట్ ప్రవేశ పరీక్ష రాసేదాన్ని కాదు.

పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఈ విషయమే ఎందుకని అడిగారు. వచ్చీరాని ఇంగ్లీషులో ఊక కొలిమి కథ చెప్పాను. నలుగురిలో ఒకాయన కాగితం నా ముందుకు తోసి, చిమ్నీ ఎత్తెంత అన్నారు. నాకు మీటర్లలో తెలియదు. మిల్లు పక్కనున్న కొబ్బరిచెట్టు కంటే కొంచెం పొడుగు అన్నాను. నవ్వారు గాని వదల్లేదు. పదిహేను మీటర్లు అనుకుందాం, లోపలి పొగ రెండువందల ముప్పై డిగ్రీలు, అందులో ధ్వని వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు, రెండు కొసలూ తెరిచి ఉన్నాయనుకుంటే పౌనఃపున్యం ఎంత? వేశాను. 15 వచ్చింది. మనిషి చెవికి 20 కింద వినపడదు. తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను, మళ్లీ 15. అప్పుడు వెలిగింది. అది చెవికి అందే చప్పుడు కాదు. రేకులకు, స్తంభాలకు, అరచేతికి అందే చప్పుడు. పక్కనున్న చెవులు బాగున్న కుర్రాడికి తెలియనిది చెవులు మందగించిన మనిషికి ఎలా తెలిసిందో ఆ కాగితం మీద కనిపించింది. ఇంటర్వ్యూ గదిలో ఏడవకూడదని నాకు ఎవరూ చెప్పలేదు.

సీటు వచ్చింది. ఇక పరిశోధన ఎంత గొప్పగా మొదలైందో వినండి.

నా ప్రయోగం క్వార్ట్జ్ గొట్టంలో మంట. నీలి వెలుగు ఎంతుందో కొలిస్తే ఆ క్షణాన వేడి ఎంత పుడుతోందో తెలుస్తుంది. పీడనం కొలవడానికి మైకు. రెండింటినీ గుణించి కూడితే రేలీ సూత్రం ప్రకారం మంట చప్పుడును పెంచుతోందో అణుస్తోందో తేలుతుంది. గొట్టం అరుస్తోంది, పక్క గదివాళ్లు తిడుతున్నారు. నా లెక్క మాత్రం మంట చప్పుడును అణుస్తోందని చెబుతోంది. నాలుగు నెలలు. కొత్త భౌతికశాస్త్రం కనిపెట్టానని వ్యాసం కూడా రాయడం మొదలుపెట్టాను. మా గురువుగారు చిత్తుప్రతి చదివి ఒకే మాట అన్నారు: "ఇది నిజమైతే గొట్టం మూగదై ఉండాలి కదమ్మా."

ఆ సాయంత్రం పుట్టినరోజు బుడగ ఒకటి ఊది మైకు ముందు పగలగొట్టాను. బుడగ పగిలితే ముందు వచ్చేది ఒత్తిడి, అంటే తెర మీద గీత పైకి లేవాలి. కిందికి దిగింది. కొన్ని కొలత మైకులు పీడనం పెరిగినప్పుడు రుణ వోల్టేజీ ఇస్తాయి. మైకుతో వచ్చిన చిన్న పుస్తకంలో ఆ సంగతి ఉంది. నేను చదవలేదు. నాలుగు నెలలుగా పీడనాన్ని తలకిందులుగా కొలుస్తున్నాను. ఇప్పటికీ మా ప్రయోగశాలలో బుడగల పొట్లం ఒకటి ఉంటుంది. కొత్తగా చేరిన వాళ్లు పుట్టినరోజు ఎవరిదని అడుగుతుంటారు.

ఈ రంగం కష్టం ఎక్కడుందో ఒక చిన్న లెక్కతో చెబుతాను, రాసుకోండి. ఇంధనం కలిసిన చోటి నుంచి మంట దాకా పది సెంటీమీటర్లు. గాలి వేగం సెకనుకు ఇరవై మీటర్లు. ప్రయాణానికి ఐదు మిల్లీసెకన్లు పడుతుంది. గది 200 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 200 కంపనాల దగ్గర, మోగే రకమైతే ఒక ఊపుకు పట్టే కాలమూ ఐదు మిల్లీసెకన్లే. ఇప్పుడు ఇంధనం కలిపే చోటును ఐదు సెంటీమీటర్లు ముందుకు జరపండి. ప్రయాణం సగానికి తగ్గింది, తోపు ఎదురు తిరిగింది. రెండంగుళాలు జరిపితే పాడేది మూగబోవచ్చు, మూగది పాడవచ్చు. అందుకే నమూనాలో బుద్ధిగా ఉన్న ఇంజిన్ అసలు సైజులో తిరగబడుతుంది. పైగా ఆ చప్పుడుకు కావలసిన శక్తి ఎంత? పుడుతున్న వేడిలో నూటికి ఒక పాలు కూడా అక్కర్లేదు.

చంద్రుడి మీదికి మనుషుల్ని మోసిన శాటర్న్-5 రాకెట్‌కు కింద ఐదు ఎఫ్-1 ఇంజిన్లు. ఒక్కొక్కదాని థ్రస్ట్, అంటే నెట్టే బలం, దాదాపు 680 టన్నులు. కిరోసిన్, ద్రవ ఆక్సిజన్. 1962 జూన్ 28న పరీక్షలో ఒక ఇంజిన్ ఈ అస్థిరతకే నాశనమైంది. లెక్కలు దారి చూపలేదు. అప్పుడు వాళ్లు చేసిన పని నాకు చాలా ఇష్టం. మండుతున్న గదిలోనే చిన్న బాంబు పేల్చి, పుట్టిన కల్లోలం దానంతటదే ఎంతసేపట్లో సద్దుమణుగుతుందో చూశారు. ఇంధనం చిమ్మే పలక మీద అడ్డుగోడలు పెట్టి, మార్చి, మళ్లీ పెట్టి, సుమారు రెండువేల పూర్తిస్థాయి పరీక్షలు చేశారు. చివరికి బాంబు పేలినా సెకనులో పదో వంతు లోపలే అణగిపోయేలా కుదిరింది. ఆ అడ్డుగోడలు మన మడి గట్లలాంటివే. పెద్ద మడిలో గాలికి నీళ్లు అటునుంచి ఇటు అలలు కడతాయి, గట్లు వేసి చిన్న మళ్లు చేస్తే అల నిలదొక్కుకోలేదు. ఇస్రో ఇప్పుడు 200 టన్నుల సెమీ క్రయోజెనిక్ ఇంజిన్ మీద పనిచేస్తోంది. అదీ కిరోసిన్, ద్రవ ఆక్సిజనే. మీలో ఎవరైనా అటు వెళ్తే ఈ గట్ల సంగతి మరవకండి.

హోరుకీ స్వరానికీ మధ్య సరిహద్దు మన దేశంలో పాత ప్రశ్నే. బిగించిన వట్టి తోలును కొడితే శ్రుతి ఉండదు. మృదంగం మధ్యలో ఆ నల్లని పూత పెట్టగానే స్వరం వస్తుంది. ఎందుకో 1920లో సి.వి. రామన్ వివరించారు. వాయిద్యం చేసేవాడు హోరును స్వరంగా మార్చాలని చూస్తాడు, మేము హోరును హోరుగానే ఉంచాలని చూస్తాం. సంగీతానికి ఇంత శత్రువులు ఇంకెవరూ ఉండరేమో.

సరిహద్దు దాటేటప్పుడు ఏం జరుగుతుందన్నది ఈ రంగంలో నాకు అన్నిటికంటే రుచించిన విషయం. ఐఐటీ మద్రాసులో ఆచార్య ఆర్.ఐ. సుజిత్, ఆయన విద్యార్థులు 2014లో ప్రచురించిన వ్యాసం ఒకటి ఉంది. హోరు ఉన్నట్టుండి స్వరం కాదు. మధ్యలో ఒక దశ ఉంటుంది. హోరు, హోరు, ఉన్నట్టుండి నాలుగు క్షణాలు స్వరం, మళ్లీ హోరు. ఆ చిన్న చిన్న పాటల తునకలు దగ్గరవుతూ వచ్చి చివరికి కలిసిపోతాయి. అంటే ప్రమాదం ముందే గొంతు సవరించుకుంటుంది. ఆ తునకల్ని పట్టుకోగలిగితే బీట పడకముందే లోడు తగ్గించవచ్చు. మా నాన్నగారు స్తంభం దగ్గర అంతసేపు ఎందుకు నిలబడేవారో ఈ వ్యాసం చదివాకే తెలిసింది. ఒక్క క్షణం చెయ్యి పెడితే హోరే తగులుతుంది. తునక కోసం కాచుకుని ఉండాలి.

నాన్నగారు ఒకసారి మా ప్రయోగశాలకు వచ్చారు. సినిమాల్లో అయితే గొట్టం పట్టుకోగానే "ఇదిగో తాళం" అనాలి. అనలేదు. బల్ల మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూసి, "ఇది మరీ సన్నగా ఉందమ్మా, నా చేతికి అందట్లేదు" అన్నారు. పదిహేను కంపనాల చెయ్యికి రెండువందల కంపనాలు చీమలు పాకినట్టు ఉంటాయి, అంతే. చెయ్యి తీసేసి వంగి మంట వైపు చూశారు. కాసేపటికి, "మంట పొట్టిదైంది చూడు" అన్నారు. అయింది. గొట్టం మోగడం మొదలైతే మంట కుంచించుకుపోతుంది. నేను అంతకుముందు రెండేళ్లుగా తెర మీద గీతలు చూస్తున్నాను, మంటను చూడటం మానేశాను.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఈ గొట్టం మీ ప్రయోగశాలకే వదిలి వెళ్తున్నాను. ఇంకో గంట దాకా జల్లెడ ఉన్న చోట చెయ్యి వేయకండి, కాలుతుంది. జల్లెడను పై సగంలోకి జరిపితే ఇలా మోగదని ఇందాక చెప్పాను. కానీ పై సగంలో పెట్టి కూడా దీన్ని మోగించే ఉపాయం ఒకటుంది, పంతొమ్మిదో శతాబ్దంలోనే కనిపెట్టారు. ఏమిటో చెప్పను. వేడి ఎటు నుంచి ఎటు పోతోందో ఆలోచించండి. ఇక ఫ్యాను వేయండి, పాపం అందరూ తడిసిపోయారు.